లోపల నీళ్లు పట్టిన పాత ఫైబర్ తెరచాప పడవ: బాగుచేయాలా, కోసి పారేయాలా?

భవానీపురం కుర్రాడు:
అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో ఒకాయన దగ్గర 45 వేలకి 16 అడుగుల ఫైబర్ తెరచాప పడవ కొన్నాను. వయసు ముప్పై ఏళ్ల పైమాటే. చూడ్డానికి తళతళలాడుతోంది, మధ్యలో ఎవరో రంగు కూడా వేయించారు. ఇంటికొచ్చాక డెక్ (పడవ పైతలం) మీద తెరచాప కొయ్య మొదట్లో కాలు పెడితే మెత్తగా కుంగింది. అనుమానమొచ్చి విజయవాడ ఆటోనగర్‌లో కాటా వేయించాను. ట్రాలీ పోను 310 కిలోలు. దాంతో వచ్చిన పాత కాగితాల్లో 230 అని ఉంది. అంటే 80 కిలోల నీళ్లు ఎక్కడో దాక్కున్నాయి. రెండు రోజుల నుంచి నిద్ర లేదు. నా దగ్గర ఇంకో 60 వేలు ఉన్నాయి, ఫిబ్రవరి నుంచి జూన్ దాకా ఖాళీ కూడా ఉంది. ప్రకాశం బ్యారేజీకి పైన, కృష్ణ ఒడ్డున పున్నమి ఘాట్ దగ్గర తెరచాప ఎత్తాలని చిన్నప్పటి నుంచి కోరిక. ముందుకెళ్లాలా, ఇక్కడితో ఆపాలా?

ఉండవల్లి సైకిల్:
ఆపేయ్ తమ్ముడూ. నీ మంచికోరే చెబుతున్నా. నేనూ ఇలాంటిదే ఒకటి తెచ్చి మూడేళ్లు తిప్పలు పడ్డాను. ఒక చోట మూస్తే ఇంకో చోట ఊరేది. లక్షన్నర పోయింది, ఇంట్లో మాట పోయింది, చివరికి పడవా పోయింది. ఇంకో సంగతి. ఇలాంటివి విసుగొచ్చాక ఒడ్డున కట్టేసి వదిలేస్తారు. 2024 సెప్టెంబరు వరద గుర్తుందిగా? 11 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చింది. తెగి కొట్టుకొచ్చిన పడవలు ప్రకాశం బ్యారేజీ గేట్లను ఢీకొని కౌంటర్ వెయిట్లు (గేటు ఎత్తడానికి సాయపడే బరువు దిమ్మలు) విరగ్గొట్టాయి. నీది వాటి ముందు చిన్నదే, కాదనను. కానీ కనిపెట్టుకుని ఉండలేని పడవని నది పక్కన పెట్టే హక్కు ఎవరికీ లేదు.

గుంటూరు రెజిన్:
అంత భయపెట్టక్కర్లేదండీ. డెక్‌కి పైనుంచి రెండేసి అంగుళాల దూరంలో చిన్న బెజ్జాలు వేసి, సిరంజితో ఎపాక్సీ (రెండు మందులు కలిపితే గట్టిపడే జిగురు) ఎక్కిస్తే సరిపోతుంది. నేను చేశాను, నాలుగేళ్లుగా గట్టిగా ఉంది. ఖర్చు పది వేలు కూడా కాలేదు. అయినా మనది మంచినీటి నది. ఉప్పునీళ్లయితే ఫైబర్ తింటుందని భయపడాలి గానీ కృష్ణలో ఏం కాదు.

ఆటోనగర్ పాతకాపు:
బాబూ, నేను 26 ఏళ్లుగా ఫైబర్ పనిలో ఉన్నాను. బస్సు ముఖాలు, నీళ్ల ట్యాంకులు, పర్యాటకుల పడవలు చాలా చేశాను. ఇద్దరూ అనుభవంతోనే చెప్పారు, కాని ఇద్దరూ పడవని తెరవకుండానే తీర్పు చెప్పారు. నాకు నచ్చనిది అదొక్కటే.

ముందు మంచినీళ్ల మాట. గుంటూరు తమ్ముడు చెప్పింది తిరగేసి చూడాలి. పడవ అడుగున వచ్చే పొక్కులకి ఉప్పునీటి కంటే మంచినీరే చెడ్డది. గాజునూలు కుళ్లదు. దాన్ని పట్టి ఉంచే పాలిస్టర్ రెజిన్ మాత్రం ఏళ్ల తరబడి నానితే కొంచెం కొంచెంగా తేమ పీలుస్తుంది. లోపల సరిగా గట్టిపడని మందు ఆ తేమలో కరిగి చిక్కటి ద్రవం అవుతుంది. బయట పలచటి నీరు, లోపల చిక్కటి ద్రవం. మధ్యలో పొర ఉంటే పలచనిది చిక్కనిదాని వైపే పోతుంది. ఎండు ద్రాక్ష నీళ్లలో వేస్తే ఉబ్బదూ, అంతే. పొక్కు పొడిస్తే వెనిగర్ లాంటి పుల్లటి వాసన వస్తుంది. కళ్లద్దాలు పెట్టుకునే పొడవాలి, చిమ్ముతుంది.

అయితే నీ 80 కిలోలు పొక్కుల్లో ఉండవు. ఆ సైజు పడవలో అంత నీరు దాక్కునే చోట్లు మూడే. ఒకటి, డెక్ రెండు పొరల మధ్య ఉండే చెక్క. రెండు, చుక్కాని తగిలించే వెనక చెక్క. మూడు, కూర్చునే బల్లల కింద తేలడానికి పెట్టే రెండు ఫోమ్ దిమ్మలు. మొదట ఫోమ్ చూడు. లీటరు నీరు కిలో బరువు కాబట్టి ఆ రెండు దిమ్మలే సగానికి పైగా మోస్తూ ఉండొచ్చు. పడవ తిరగబడితే నిన్ను తేల్చాల్సినవి అవే. నానిన ఫోమ్ ఎవర్నీ తేల్చదు. అందుకే దాన్ని ఎండబెట్టే ఆశ వద్దు, తీసి పారేసి కొత్తది పెట్టు.

తర్వాత సుత్తి పిడితో డెక్ అంతా చేతి వెడల్పుకి ఒక దెబ్బ చొప్పున తట్టుకుంటూ పో. బాగున్న చోట టక్కుమని గట్టిగా పలుకుతుంది. పుచ్చిన చోట పండిన పనసకాయ మీద కొట్టినట్టు మొద్దుగా వస్తుంది. చాక్‌పీసుతో గీత గీయి. ఆ గీత దాదాపు ఎప్పుడూ ఏదో ఒక స్క్రూ దగ్గరే మొదలవుతుంది. బిగింపుల చుట్టూ నీరు దిగకుండా పూసిన సీలెంట్ ఎండి చీలినప్పుడు వాన నీళ్లు దిగేది అక్కడినుంచే. గీత లోపల 6 మిల్లీమీటర్ల బిట్‌తో పైపొర దాటి చెక్క తగిలేదాకా, కింది పొర తగలకుండా బెజ్జం వెయ్యి. బిట్ మీద పొడి తెల్లగా వస్తే చెక్క బతికుంది. టీ డికాషన్ రంగు నీరు కారిందా, ఇక ఎక్కించడాలూ సిరంజిలూ లేవు. తడిసిన చెక్క ఎపాక్సీని తాగదు. మీద పెంకు కడుతుంది, కింద కుళ్లు నడుస్తూనే ఉంటుంది.

పోయినేడు ఒక పడవ డెక్ కోశాను. పైపొర గాజులా మెరుస్తోంది, ఎవరో కొత్తగా రంగు వేశారు. గ్రైండర్‌తో నాలుగు పక్కలా కోసి ఉలితో పైకెత్తితే, ఫిల్టర్‌లో మిగిలిన కాఫీ పొడిలా ఉంది చెక్క. వేళ్లతో తోడాను. మూడు చదరపు అడుగుల మేర ఒక్క ముక్క నిలవలేదు. ఆ రంగు వేసినవాడి మీద నాకు కోపం ఇప్పటికీ పోలేదు. లోపలి తడిని మూసేసి మెరుగు పెట్టడం అంటే తర్వాత ఎక్కేవాడి ప్రాణంతో ఆడుకోవడమే.

పని పద్ధతి చెబుతాను. కోసిన పైపొర పారేయకు, అదే మళ్లీ మూత. కొత్త చెక్క ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై తీసుకో. మామూలు వాటర్‌ప్రూఫ్ ప్లై ఐఎస్ 303 కింద వస్తుంది, అది వద్దు. ముక్కల అంచులన్నీ ముందే ఎపాక్సీతో తడపాలి. అతుకు అంచులు మందానికి 12 రెట్లు వాలుగా చెక్కు. పొర 3 మిల్లీమీటర్లుంటే వాలు పొడవు 36 మిల్లీమీటర్లు. స్క్రూ బెజ్జాలు పెద్దవి చేసి ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక మళ్లీ సన్నంగా వెయ్యి. అప్పుడు సీలెంట్ చీలినా నీరు చెక్కకి తగలదు. పాత పాలిస్టర్ మీద ఎపాక్సీ గట్టిగా పట్టుకుంటుంది, ఎపాక్సీ మీద పాలిస్టర్ గెల్‌కోట్ (మెరిసే పైపూత) మాత్రం సరిగా పట్టదు. కాబట్టి పైన రెండు డబ్బాలు కలిపే పీయూ (పాలీయురెథేన్) పెయింట్ వేసుకో.

ఎక్కడైనా పాలిస్టర్ వాడాల్సొస్తే ఒక్క జాగ్రత్త. రెజిన్‌ని గట్టిపరిచే రెండు మందులు, కోబాల్ట్‌నీ క్యాటలిస్ట్‌నీ నేరుగా ఒకదాంట్లో ఒకటి పోయొద్దు, పేలుతుంది. కోబాల్ట్ రెజిన్‌లో పూర్తిగా కలిపాకే క్యాటలిస్ట్. క్యాటలిస్ట్ కంట్లో పడితే చూపు పోతుంది. మన మే నెల ఎండలో కలిపిన రెజిన్ మగ్గులోనే గడ్డకడుతుంది కాబట్టి కొంచెం కొంచెం కలుపుకో, తెల్లవారుజామున పని చేసుకో.

ఎప్పుడు ఆపాలో కూడా చెబుతా. అడుగు భాగంలో పొరలు విడిపోయి పెద్ద మేర మొద్దుగా పలికితే ఆపేయ్. డెక్, చెక్క, ఫోమ్ వరకే అయితే నీ 60 వేలల్లో, నీ చేత్తో చేసుకుంటే అయిపోతుంది. ఫైబర్‌ని ఇనుములా కరిగించి మళ్లీ వాడలేం. పారేసినా ఎక్కడో గుంటలో మన మనవల కాలం దాకా ఉంటుంది. బాగయ్యేదాన్ని పారేయడం నాకు మనసొప్పదు.

గుంటూరు రెజిన్:
మంచినీళ్ల విషయం నాకు తెలియదు, ఒప్పుకుంటున్నా. కానీ సిరంజి పద్ధతి పూర్తిగా తప్పంటే ఒప్పుకోను. నాది అరచేయంత చోటే. ముందు బెజ్జాలు వేసి రెండు నెలలు ఎండలో వదిలాను, పొడి తెల్లగా వచ్చాకే ఎక్కించాను.

ఆటోనగర్ పాతకాపు:
అరచేయంత చోటు, అదీ ఎండాక అంటే నేనూ అదే చేస్తాను తమ్ముడూ. ఆ రెండు నెలల మాట నీ మొదటి పోస్టులో లేదు. కుర్రాడు అది చదివి రేపే తడి చెక్కలోకి ఎక్కించేవాడు.

భవానీపురం కుర్రాడు:
బాబాయ్, చెప్పినట్టే చేశాను. ఫోమ్ దిమ్మలు రెండూ పీకి తూచాను, కలిపి 57 కిలోలు. పొడిగా ఉంటే మూడు నాలుగు కిలోలు ఉండాల్సినవి. కోస్తుంటే నీళ్లు పిండినట్టు కారాయి, పాచి వాసన. డెక్ మీద చాక్ గీత కొయ్య చుట్టూ రెండడుగులు వచ్చింది. ఎనిమిది బెజ్జాలు వేస్తే ఐదింట్లో టీ రంగు, మూడింట్లో తెల్ల పొడి. అడుగంతా రెండుసార్లు తట్టాను, టక్కుమనే పలికింది. పొక్కులు పదకొండు, అన్నీ బొటనవేలి గోరు కంటే చిన్నవి. వెనక చెక్క ఇంకా తెరవలేదు. అక్కడ శబ్దం ఒకసారి ఒకలా, ఒకసారి ఇంకోలా ఉంది. ఆదివారం కోస్తాను. ఉండవల్లి అన్నా, మీ మాట కొట్టిపారేయలేదు. షెడ్డు అద్దెకి మాట్లాడాను, బాగయ్యేదాకా ఘాట్ దగ్గరికి తీసుకెళ్లను.

ఉండవల్లి సైకిల్:
షెడ్డు మాట బాగుంది. నేను ఫోమ్ ఎప్పుడూ తీసి చూడలేదు తమ్ముడూ, మూడేళ్లూ డెక్ మీదే పడ్డాను. వెనక చెక్క సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోకు, చుక్కాని బరువంతా దాని మీదే. ఆదివారం నేనూ వస్తున్నా, నా గ్రైండర్ తెస్తాను. మాస్కులు రెండు కొనిపెట్టు, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోకూడదు.