తైవాన్ జామకు 160 పిందెలు: ఎన్ని ఉంచాలి, ఎన్ని తీసేయాలి?

పెరటిమొక్క_ఖమ్మం:
అందరికీ నమస్కారం. మా పెరట్లో తైవాన్ పింక్ జామకు ఇది మూడో ఏడు. నల్లరేగడి నేల. చెట్టు ఆరడుగుల ఎత్తు, మొదలు మణికట్టు లావు, పెద్ద కొమ్మలు నాలుగు. మే చివర్లో కొమ్మల కొసలు కత్తిరిస్తే వానలకు చిగురేసి విరగపూసింది. ఇప్పుడు ఆగస్టు చివరి వారం. లెక్కపెడితే 160 దాకా పిందెలున్నాయి, కొన్ని శనగగింజంత, ఎక్కువ భాగం గోళీకాయంత. నిరుడు ఒక్కటీ తీయలేదు. కాయలు నిమ్మకాయ సైజు దాటలేదు, రెండు కొమ్మలు బరువుకు చీలాయి. ఈసారి ఎన్ని ఉంచాలి? ఇప్పుడే తీయాలా, వాటంతట అవి రాలేదాకా ఆగాలా? ఏది ఉంచాలో ఎలా తెలుస్తుంది? పక్కనే భగువా దానిమ్మ కూడా ఉంది, దానికీ ఇదే పద్ధతా?

తోటపని_తెనాలి:
మీ చెట్టు వయసుకు, లావుకు 40 కాయలు చాలు. నిజానికి 160లో 40 అంటే చెయ్యి ఆడదు, కానీ లెక్క చూడండి. 40 కాయలు ఒక్కోటి 200-250 గ్రాములు తూగితే 8 నుంచి 10 కిలోలు. మూడో ఏడు చెట్టు కొమ్మ చీలకుండా మోయగలిగేది దాదాపు అంతే. 160 ఉంచినా పండే మొత్తం అందుకు నాలుగు రెట్లేమీ కాదు, అదే తిండిని 160 కాయలు పంచుకుంటాయి. పైగా కాయ చిన్నదైనంత మాత్రాన లోపలి గింజలు తగ్గవు. కండ తగ్గుతుంది. నిరుడు కాయ కోస్తే అంతా గింజలే కనబడి ఉంటాయి, అందుకు కారణం ఇదే.

ఆగడం గురించి. జామకాయ మూడు దశల్లో పెరుగుతుంది. మొదట గబగబా ఊరుతుంది, తర్వాత గింజ గట్టిపడే రోజుల్లో కొన్ని వారాలు అక్కడే ఆగినట్టు ఉంటుంది, చివర్లో మళ్లీ ఒక్కసారిగా లావెక్కుతుంది. కండలో కణాలు ఎన్ని ఉండాలన్నది మొదటి దశలోనే తేలిపోతుంది. అందుకే గోళీకాయ సైజులో తీస్తే మిగిలిన కాయ పెరుగుతుంది. గింజ గట్టిపడ్డాక తీస్తే కొమ్మకు బరువు తగ్గుతుందే కానీ కాయ సైజు పెద్దగా మారదు.

అలాగని ఒక్కరోజే 120 తీసేయకండి. పరాగం సరిగా అందని పిందెలు ఇంకా కొన్ని వాటంతట అవే రాలతాయి. తడి ఎక్కువతక్కువలైతే మరికొన్ని. ఇప్పుడు ఒకసారి తీసి 65-70కి తెండి. రెండు, మూడు వారాలాగి, నిమ్మకాయ సైజు వచ్చేలోపు రెండోసారి తీసి 40కి తెండి. మధ్యలో రాలినవి లెక్కలో కలిసిపోతాయి.

ఏది ఉంచాలంటే, ఒక రెమ్మను చేతిలోకి తీసుకుని దగ్గరగా చూడండి. జామలో ఆకులు ఎదురెదురుగా జతలుగా ఉంటాయి, ఒక్కో ఆకు మూలలో పూత వస్తుంది. కొన్ని మూలల్లో ఒక్క పిందే ఉంటుంది, కొన్నిట్లో ఒకే కాడ మీద మూడు కనిపిస్తాయి. ఆ మూడింటిలో నడిమిది ముందు విచ్చిన పువ్వుది. కాస్త లావుగా, సూటిగా ఉంటుంది. దాన్ని ఉంచి పక్క రెండూ తీసేయండి. తర్వాత అదే కణుపులో ఎదుటి ఆకు మూలలోనూ పిందె ఉంటే ఒకటే ఉంచండి. రెమ్మ పెన్సిల్ కన్నా సన్నమైతే మొత్తానికి ఒకే కాయ, పెన్సిల్ లావుంటే రెండు, అవీ వేర్వేరు కణుపుల్లో.

వంకర పిందె, గీత పడ్డది, పురుగు కుట్టిన చుక్క ఉన్నది, రెండు కొమ్మల పంగలో ఇరుక్కున్నది, నెత్తిన ఆకు నీడ లేకుండా ఎండకు నిలబడ్డది ముందు తీసేయాలి. ఆకు చాటున కిందికి వేలాడేది ఉంచాలి. అన్నీ బాగున్నాయనిపిస్తే కొమ్మ మొదలుకు దగ్గరున్న దాన్ని ఉంచండి. కొసన ఉన్న కాయ కొమ్మను వంచేస్తుంది.

చేత్తో లాగకండి. జామ లేత రెమ్మ నాలుగు పలకలుగా, మెత్తగా ఉంటుంది, లాగితే పిందెతోపాటు బెరడు పేలిక లేచి వస్తుంది, పక్కన ఉంచుకోవాలనుకున్న కాయా పోతుంది. సన్నకొస కత్తెరతో కాడను అర సెంటీమీటరు వదిలి కత్తిరించండి. ఆ ముక్క ఎండి దానంతటదే రాలిపోతుంది. పిందె తీసేటప్పుడు దాని ఆకు మాత్రం తెంపొద్దు, మిగిలిన కాయకు తిండి వండిపెట్టేది ఆ ఆకే.

మిద్దెతోట_విశాఖ:
మిద్దె మీద డ్రమ్ముల్లో పెంచేవాళ్లకు ఈ 40 లెక్క వర్తించదు. సగం కోసిన 200 లీటర్ల డ్రమ్ములో మూడేళ్ల జామకు 12-15 కాయలు మించనివ్వొద్దు. అక్కడ వేరుకు చోటు తక్కువ, ఎండ ఎక్కువ, మధ్యాహ్నానికి మట్టి ఆరిపోతుంది, కాయలు ఎక్కువుంటే ముందు రాలేది ఆకు. అంటు తెచ్చి నాటిన మొదటి ఏడాది పూతంతా గిల్లేయడమే మంచిది.

ఖమ్మం వారికి ఒక మాట. కాయకీ కాయకీ మధ్య జానెడు ఎడం ఉండాలని ఒక వీడియోలో చూపించారు. రెమ్మలు లెక్కపెట్టే కన్నా అది తేలిక కదా?

పీచ్‌తోట_డాలస్:
ఆ జానెడు లెక్క పీచ్‌ది అండీ. ఇక్కడ పెరళ్లలో పీచ్ వేసిన తెలుగువాళ్లు చాలామంది అదే పాటిస్తారు, 6 నుంచి 8 అంగుళాల ఎడం. పీచ్ పూసేది నిరుటి కొమ్మ మీద. పొడుగాటి కొమ్మ పొడవునా వరసగా పిందె కడుతుంది కాబట్టి దూరం కొలిస్తే సరిపోతుంది. జామ పూసేది ఈ ఏటి లేత చిగురు మీద, ఆ రెమ్మే జానెడు ఉంటుంది. దూరం కొలుస్తూ పోతే పక్కపక్క రెమ్మల్లో ఒకదానికి అసలు లేకుండా, ఇంకోదానికి మోయలేనంత మిగులుతుంది. జామకు రెమ్మ లెక్కే సరైనది.

ఇటువైపు చదివేవాళ్లకు: పీచ్ పిందెలు డాలస్‌లో ఏప్రిల్‌లో తీయాలి, కాని మంచు పడే భయం తీరాకే. ముందే తీసేసి ఆ తర్వాత మంచు పడితే చెట్టున ఏమీ మిగలదు. ఒక పిందెను అడ్డంగా కోసి చూడండి. చాకు విత్తనంలోంచి మెత్తగా దిగిపోతే ఇంకా సమయం ఉంది. టక్కుమని ఆగితే టెంక గట్టిపడింది, ఆలస్యమైనట్టే.

తోటపని_తెనాలి:
పీచ్ గారు చెప్పింది సరిగ్గా ఉంది.

రెండోసారి తీయడం అయ్యాక ఆ 40కి కవర్లు కట్టడం మర్చిపోకండి, లేకపోతే ఇంత శ్రమా పండు ఈగ పాలవుతుంది. మిథైల్ యూజినాల్ ఎర డబ్బా ఒక్కటి వేలాడదీసి ధైర్యంగా ఉండొద్దు. దానికి పడేవి మగ ఈగలే. గుడ్లు పెట్టే ఆడ ఈగ పక్కింటి చెట్టు నుంచి వస్తుంది.

కట్టే ముందు కాయ అడుగున చూడండి. పువ్వు తాలూకు రక్షక పత్రాలు చిన్న కిరీటంలా అలాగే ఉంటాయి, వాటి మధ్య ఎండిన కేసరాల పీచు ఇరుక్కుని ఉంటుంది. పిండినల్లి దాక్కునేది అక్కడే. మెత్తటి పాత టూత్‌బ్రష్‌తో దులపండి. వేపనూనె 1500 పిపిఎం గాఢత ఉన్నది లీటరు నీటికి 5 మి.లీ., కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం కాయలు తడిసేలా కొట్టండి. మర్నాడు పూర్తిగా ఆరాక ఫోమ్ నెట్ తొడిగి పైన కవర్ వేయండి. తడి మీద కడితే లోపల బూజు ఖాయం. ప్లాస్టిక్ కవరైతే కింది రెండు మూలలూ కత్తిరించండి, నీరు దిగిపోవాలి. మూతి కట్టేది కాయ తొడిమకు కాదు, దాని పై రెమ్మకు. తొడిమకు కడితే గాలికి కవర్ ఊగి కాయ రాలుతుంది.

పెరటిమొక్క_ఖమ్మం:
చాలా థాంక్సండీ. ఈరోజు మొదటి కొమ్మ చేశాం, రెండు చోట్ల బెరడు లేచింది. ఇంకో అనుమానం, ముదురాకుల అంచులు ఎర్రబారి ఎండుతున్నాయి. దీనికీ కాయలు ఎక్కువవడమే కారణమా?

తోటపని_తెనాలి:
బెరడు లేచిన చోట వేలాడే పేలికను పదునైన కత్తితో నున్నగా కోసేయండి, చినుకులుంటే బ్లైటాక్స్ అనే రాగి మందును నీళ్లతో పేస్టులా కలిపి పూయండి. రెమ్మ చుట్టూ సగానికి పైగా లేస్తే అక్కడి కాయ తీసేయడమే నయం.

ముదురాకు అంచు ఎండడం ఈ సమయంలో ఎక్కువగా పొటాష్ చాలక వస్తుంది. కాయలు లాగేస్తాయి, కనుక పిందెలు తీస్తే సగం సర్దుకుంటుంది. మిగతాదానికి సల్ఫేట్ ఆఫ్ పొటాష్ 50 గ్రాములు ఇప్పుడు, ఇంకో 50 గ్రాములు నెల తర్వాత, వేపపిండి ఒక కిలో. చెట్టు మొదలు దగ్గర పోయొద్దు, కొమ్మల కొసల నీడ పడే చోట చుట్టూ చల్లి మట్టి కలిపి నీరు పెట్టండి. లేతాకులు చిన్నవై ఈనెకీ ఈనెకీ మధ్య పసుపు తిరిగితే అది జింకు లోపం. లీటరుకు 5 గ్రాముల జింక్ సల్ఫేట్, రెండున్నర గ్రాముల సున్నం కలిపి వడగట్టి ఆకు మీద కొట్టాలి.

నల్లరేగడిలో అన్నిటికన్నా నీటితోనే జాగ్రత్త. పాదులో వాననీరు నిలిస్తే గండి కొట్టండి. వానలు వెనకబడితే మట్టి పగుళ్లివ్వకముందే తడి ఇవ్వండి. పగుళ్లిచ్చాక ఒక్కసారి పారిస్తే ఎంచి ఉంచుకున్న కాయలే రాలతాయి.

దానిమ్మ_అనంతపురం:
దానిమ్మకు పద్ధతి వేరండీ. ముందు పువ్వు చూడాలి. అడుగు సన్నగా గంటలా ఉన్నది మగపువ్వు, అది కాయ కట్టదు, రాలిపోతే బెంగపడొద్దు. అడుగు కుండలా ఉబ్బినదే పిందె అవుతుంది. పిందెలు రెండు మూడు కలిసి గుత్తిగా కడతాయి. కొసన ఉన్నది ముందు పట్టి పెద్దదవుతుంది, దాన్ని ఉంచి మిగతావి తీసేయండి. ఇక్కడ సైజు కన్నా పురుగు కోసం తీయాలి. రెండు కాయలు ఒకదానికొకటి తగిలే చోటే కాయతొలుచు పురుగు దూరుతుంది, పిండినల్లీ అక్కడే చేరుతుంది. రెండు కాయల మధ్య మీ బొటనవేలు దూరాలి.

ముల్లు గుచ్చుకునే చోట ఉన్న పిందె ఎంత బాగున్నా తీసేయండి, గాలికి గీసుకుని మచ్చ పడుతుంది. బయటి సన్నరెమ్మ చివరిది కూడా. బరువుకు రెమ్మ వంగి కాయ ఎండలోకి వచ్చి ఒక పక్క మాడుతుంది. మూడేళ్ల చెట్టుకు 25-30 కాయలు చాలు.

కాయ మీద నూనె పూసినట్టు నల్లమచ్చ కనిపిస్తే అది బ్యాక్టీరియా మచ్చ తెగులు. అలాంటి కాయ కోసిన కత్తెరను స్పిరిట్‌తో తుడవకుండా ఇంకో కొమ్మకు పెట్టొద్దు, పక్కన జామ ఉన్నా సరే. మచ్చ కాయలు కంపోస్టు గుంతలో వేయకండి, కాల్చేయండి. ఆకు తడిగా ఉండగా దానిమ్మను ముట్టుకోకండి. పొద్దెక్కి ఆరాక చేయండి.

పెరటిమొక్క_ఖమ్మం:
మంచి పిందెలు కంపోస్టులో వేయొచ్చా? బకెట్ నిండింది.

మిద్దెతోట_విశాఖ:
వేయొచ్చండి, గోళీకాయంత పిందెలో ఈగ గుడ్డు ఉండదు. ఎండాకుతో కలిపి వేయండి. రాలిన దోరకాయలు, పండ్లు మాత్రం అందులో వద్దు. మందమైన కవర్లో మూతి బిగించి వారం రోజులు ఎండలో పడేయండి, లోపలి పురుగు చచ్చాక రెండడుగుల లోతున పాతేయండి.