ఆఫీసు వీపీఎన్ కనెక్ట్ అవుతోంది, లోపల ఒక్క పేజీ తెరుచుకోవట్లేదు

నైట్‌షిఫ్ట్_నిజాంపేట్:
సాయంత్రం ఆరు నుంచి దీంతోనే కుస్తీ, ఇప్పుడు పదకొండు దాటింది. వైఫై బాగానే ఉంది, యూట్యూబ్ ఆగకుండా నడుస్తోంది. వీపీఎన్ ఆన్ చేస్తే ఓటీపీ అడుగుతుంది, "కనెక్టెడ్" అంటుంది. అంతే. ఆఫీసు సైట్లు తిరుగుతూనే ఉంటాయి, రిమోట్ డెస్క్‌టాప్ నల్లగా వచ్చి ఆగిపోతుంది. రౌటర్ ఎన్నిసార్లు ఆపి ఆన్ చేశానో లెక్కలేదు. పొద్దున ఐదు దాకా షిఫ్టు, మేనేజర్ రెండుసార్లు ఫోన్ చేశారు. ఎవరైనా చెప్పండి, ప్లీజ్.

ఫైర్‌వాల్_పక్కన:
ఎంటీయూ తగ్గించు.

నైట్‌షిఫ్ట్_నిజాంపేట్:
అదేంటన్నా? ఎక్కడుంటుంది?

బోడుప్పల్_గల్లీ:
అన్నా, ముందుగాల స్తంభం మీది నెట్ కేబుల్ జాయింటు చూపియ్యి. 2025 ఆగస్టుల రామంతాపూర్‌ల కరెంటు షాక్‌తోని మనుషులు పోయినంక కరెంటోళ్లు స్తంభాల మీది నెట్ కేబుళ్లు కోసుకుంట వచ్చిండ్రు. మా గల్లీల మూడు దినాలు నెట్ లేదు. ప్రాణాలు పోతుంటే తియ్యాల్సిందే, నేను కాదంటలేను. గని కేబుల్‌కు భూమిల పైపు ఎయ్యకుండ మళ్ల గదే స్తంభానికి చుట్టబెట్టుడు ఏం పద్ధతి? వాన పడితే ఆ అతుకులన్నీ తడుస్తయి.

ఐపీ_మాస్టారు:
బాబూ, రౌటర్ స్టేటస్ పేజీలో వాన్ ఐపీ, అంటే బయటి లైను వైపు చిరునామా, చూడు. 100.64 నుంచి 100.127 మధ్య ఉంటే నువ్వు సీజీనాట్ వెనక ఉన్నట్టే. ఐపీవీ4 అనే పాతరకం నెట్ చిరునామాలు చాలక, వాటిని పంచే మన ఆసియా రిజిస్ట్రీ 2011 ఏప్రిల్‌లోనే చివరి బ్లాకుకు వచ్చేసింది. అందుకే ఒక్క చిరునామాను ఎన్నో ఇళ్లకు పంచుతున్నారు, సీజీనాట్ అంటే అదే. డబ్బు కట్టి స్టాటిక్ ఐపీ తీసుకో. ఇంటి నుంచి ఉద్యోగం చేసేవాళ్లకు అది తప్పనిసరి అని ఎప్పటినుంచో చెబుతున్నాను.

ఫైర్‌వాల్_పక్కన:
తప్పు. బయటికి వెళ్లే వీపీఎన్‌కి స్టాటిక్ అక్కర్లేదు.

ఐపీ_మాస్టారు:
పబ్లిక్ ఐపీ అనే నా ఉద్దేశం.

ఫైర్‌వాల్_పక్కన:
ఆ రెండూ ఒకటి కావు. పబ్లిక్ ఐపీ అంటే బయటి నుంచి నేరుగా చేరగలిగేది, అది రోజూ మారొచ్చు. స్టాటిక్ అంటే మారనిది. ఇంట్లో సీసీ కెమెరాను బయటి నుంచి నేరుగా చూడాలంటే పబ్లిక్ ఐపీ కావాలి. ఇక్కడ లాగిన్ అవుతోంది కదా, ఓటీపీ కూడా తీసుకుంది. వీపీఎన్ వెళ్లే దారి, 4500 పోర్టు, మూసేసి ఉంటే అక్కడిదాకా కూడా రాదు.

ఐపీ_మాస్టారు:
అన్ని వీపీఎన్‌లూ 4500 మీదే నడవవు. 443 మీద నడిచేవీ ఉన్నాయి. అతనిది ఏదో అడగకుండా మీరే తేల్చేస్తే ఎలా?

లింగంపల్లి_హెల్ప్‌డెస్క్:
ఆయన్ని అడిగేవాళ్లే లేరు. అండీ, ఇది ఎప్పటినుంచి? ఫోన్ హాట్‌స్పాట్ మీద పనిచేస్తుందా?

నైట్‌షిఫ్ట్_నిజాంపేట్:
హాట్‌స్పాట్ మీద బాగానే వస్తుందండీ, కానీ డేటా గంటలో అయిపోతోంది. ఆదివారం ఇల్లు మారాం, ఇది కొత్త కనెక్షన్. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఇచ్చి రౌటర్‌లో వేసుకోమన్నారు. పాత ఇంట్లో ఏ ఇబ్బందీ లేదు.

లింగంపల్లి_హెల్ప్‌డెస్క్:
ఈ మాట ముందే చెప్పి ఉంటే టైమ్ కలిసొచ్చేది. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ రౌటర్‌లో వేసుకోమన్నారంటే అది పీపీపీఓఈ లైను, అంటే రౌటరే లాగిన్ అయ్యే రకం. మామూలుగా ఒక ప్యాకెట్, అంటే ఒకసారి పంపే డేటా మూట, 1500 బైట్ల దాకా వెళ్తుంది. ఆ హద్దునే ఎంటీయూ అంటారు. ఇందులో 8 బైట్లు పీపీపీఓఈకే పోయి 1492 మిగులుతుంది. వీపీఎన్ ప్రతి ప్యాకెట్‌కీ పైన ఇంకో తొడుగు వేస్తుంది. లాగిన్, ఓటీపీ చిన్నవి, దూరిపోతాయి. పేజీ, స్క్రీన్ బొమ్మ పెద్దవి, దారిలో ఇరుక్కుంటాయి. వీపీఎన్ ఆపి, కమాండ్ ప్రాంప్ట్‌లో పింగ్, డ్యాష్ ఎఫ్, డ్యాష్ ఎల్ 1464, తర్వాత 1.1.1.1 కొట్టండి. రాకపోతే 1464ని కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రండి.

నైట్‌షిఫ్ట్_నిజాంపేట్:
1464కి టైమ్డ్ అవుట్. 1432కీ అంతే. 1412కి రిప్లై వచ్చింది.

లింగంపల్లి_హెల్ప్‌డెస్క్:
1412కి హెడర్లు, అంటే ప్యాకెట్ మీది చిరునామా వివరాలు, 28 బైట్లు కలిపితే 1440. మీ లైను మోయగలిగింది సుమారుగా అంతే. "పెద్దదైంది, చిన్నది చేసి పంపు" అని దారిలోంచి కబురు రావాలి. మీకు అదీ రాలేదు, ఉత్త టైమ్డ్ అవుట్ వచ్చింది. అందుకే ల్యాప్‌టాప్ అదే సైజులో మళ్లీ మళ్లీ పంపుతూ కూర్చుంది. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో మార్చడానికి మీకు అడ్మిన్ హక్కులుండవు. రౌటర్ వాన్ సెట్టింగ్స్‌లో ఎంటీయూ 1400 చేసి, రీబూట్ చేసి చూడండి. రేపు మీ ఐటీ వాళ్లకు ఈ అంకెలు చెబితే వీపీఎన్ అడాప్టర్‌లోనే తగ్గిస్తారు, అదే సరైన పద్ధతి.

ఫైర్‌వాల్_పక్కన:
మొదటి రిప్లైలో చెప్పింది ఇదే.

లింగంపల్లి_హెల్ప్‌డెస్క్:
చెప్పారు సార్. ఎక్కడ, ఎంతకు తగ్గించాలో చెప్పలేదు. ఆయన అడిగినా జవాబివ్వలేదు.

నైట్‌షిఫ్ట్_నిజాంపేట్:
1400 పెట్టా, సైట్లు వస్తున్నాయి. థాంక్స్ అండీ, కాల్‌లో ఉన్నా.

లింగంపల్లి_హెల్ప్‌డెస్క్:
రిమోట్ డెస్క్‌టాప్ కూడా వచ్చిందా? అది రాకపోతే 1350కి దించాలి.

బోడుప్పల్_గల్లీ:
నిజాంపేట్‌ల మీ ఇంటికి కేబుల్ స్తంభం మీదికెళ్లే వచ్చిందా అన్నా?