హిమోగ్లోబిన్ జబ్బుల మీద పరిశోధన చేయాలంటే ఎంబీబీఎస్ ఉండాలా?

నమస్కారం. ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చివరి ఏడాదిలో ఉన్నాను. మా తమ్ముడికి తలసీమియా మేజర్, అంటే ఒంట్లో హిమోగ్లోబిన్ సరిగా తయారుకాని జబ్బు. నెలనెలా రక్తం ఎక్కించాలి. ఒంట్లో పేరుకునే ఐరన్ తగ్గడానికి రోజూ మాత్ర నీళ్లలో కరిగించి ఇవ్వాలి. గ్లాసు అడుగున మిగిలిన తెల్లటి పొడిలో మళ్లీ కాసిని నీళ్లు పోసి అదీ తాగిస్తుంది అమ్మ. పీహెచ్‌డీ చేస్తే ఈ జబ్బుల మీదే చేయాలని ఉంది.

డేవిడ్ వెదరాల్ గురించి చదివాక ఆ కోరిక ఇంకా గట్టిపడింది. బ్రిటిష్ సైన్యంలో డాక్టరుగా సింగపూర్ వెళ్లి, అక్కడ ఓ గూర్ఖా సైనికుడి పాపకు తలసీమియా ఉందని గుర్తించారాయన. ఆ తర్వాత జీవితమంతా దాని మీదే పనిచేశారు. 1989లో ఆక్స్‌ఫర్డ్‌లో మాలిక్యులర్ మెడిసిన్ సంస్థ పెట్టారు. కానీ ఆయన డాక్టరు. సికిల్ సెల్ అనే మరో హిమోగ్లోబిన్ జబ్బులో ఆ ప్రొటీన్‌లో మారేది ఒకే ఒక్క అమైనో ఆమ్లమని 1957లో చూపించిన వెర్నన్ ఇన్‌గ్రామ్ మాత్రం కెమిస్ట్రీ చదివినవారు. నాకు ధైర్యం ఇచ్చేది ఆయనే.

నాలాంటివాళ్లు జీన్ ఎడిటింగ్ ల్యాబులో చేరడం మేలా, మన ఏజెన్సీ ప్రాంతాల్లో జరిగే సికిల్ సెల్ స్క్రీనింగ్ లాంటి పని వైపు వెళ్లడం మేలా? హైదరాబాద్‌లోని సీసీఎంబీ లాంటి పరిశోధన సంస్థల్లో పీహెచ్‌డీ చేసినవాళ్లుంటే గైడ్‌ని ఎలా ఎంచుకోవాలో చెప్పండి. రోగులను కలిసే వీలున్న ల్యాబు అయితే నాకు మరీ ఇష్టం. పీహెచ్‌డీ తర్వాత ఉద్యోగాల సంగతి కూడా దయచేసి రాయండి, ఇంట్లోవాళ్లకి అదే టెన్షన్.