వాయిదాల పద్ధతిలో థేమ్స్ నడిస్తే నడిచినట్టేనా?

శనివారపు బాటసారి:
పోయిన ఏడాది మార్చిలో కెంబుల్ స్టేషన్‌లో దిగి, పొలాల మధ్య థేమ్స్ పుట్టేచోటు దాకా వెళ్లాం. అక్కడ ఒక చెట్టు, దాని కింద ఒక రాయి. వేసవిలో అయితే ఆ చోట చుక్క నీరు కూడా ఉండదట. అక్కడి నుంచి లండన్‌లోని థేమ్స్ బ్యారియర్ (వరదని ఆపే అడ్డుకట్ట) దాకా నది వెంట నడిచే బాట దాదాపు 296 కిలోమీటర్లు. నేనూ మా ఆవిడా వీలైన శని, ఆదివారాల్లో నడుస్తూ, ఎక్కడ ఆగామో మళ్లీ అక్కడికే వెళ్లి మొదలుపెడుతూ ఇప్పుడు రిచ్‌మండ్ దాకా వచ్చాం. మధ్యలో ఒక్క ఖాళీ ఉంది. లెచ్‌లేడ్ నుంచి న్యూబ్రిడ్జ్ దాకా సుమారు 27 కిలోమీటర్లు. వరద వల్ల వదిలేశాం.

మొన్న ఒక స్నేహితుడు "ఇది నడక కాదు, ఈఎంఐ" అన్నాడు. ఆఖరి రోజు బ్యారియర్ దగ్గర ఫోటో దిగి "థేమ్స్ మొత్తం నడిచాం" అంటే అది అబద్ధమా?

ఒక్కపెట్టున:
అబద్ధం అనను కానీ, అది వేరే పని. నేను 15 రోజులు సెలవు పెట్టి ఒకే ఊపులో నడిచాను. మొదటి మూడు రోజులూ ఒళ్లు నొప్పులు, బొబ్బలు, "ఎందుకొచ్చిన గోలరా" అన్న ఆలోచన. నాలుగో రోజుకి ఇవన్నీ తగ్గిపోయి, ఎన్ని కిలోమీటర్లయిందో చూసుకోవడం మానేశాను. మీరు ప్రతి శనివారం ఆ మొదటి రోజునే మళ్లీ మళ్లీ నడుస్తున్నారు. నాలుగో రోజు మీకు ఎప్పటికీ రాదు. నా అభ్యంతరమల్లా అదే.

ఇంకొకటి. వారాంతం నడకలో మనసంతా రైలు మీదే ఉంటుంది. అయిదున్నర బండి పోతే ఇంకో గంట కూర్చోవాలన్న టెన్షన్‌తో చివరి అయిదు కిలోమీటర్లు పరుగులాంటి నడక. నది ఎక్కడ కనిపిస్తుంది?

ఇద్దరు పిల్లల అమ్మ:
పదిహేను రోజుల సెలవు అంటున్నారు, ఆ రోజుల్లో ఇంట్లో వంట ఎవరు చేశారో కూడా రాయండి, తెలుసుకుంటాం.

నాకు నెలకి ఒక్క ఆదివారం దొరికితే గొప్ప. గోరింగ్‌లో దిగి పాంగ్‌బోర్న్‌లో రైలెక్కాను ఒకసారి, దూరం తక్కువే అయినా మధ్యలో అడవిలో ఎత్తు ఎక్కాలి. ఆ ఒక్క పూటే నాకు నెలంతా సరిపోయింది. విడతల్లో అసలు బాధ కాళ్లది కాదు. ఆదివారం ట్రాక్ పనులని రైళ్లు ఆపి బస్సులు వేస్తారు చూడండి, ఆ బాధ. అలాంటి ఒక రోజు నడిచింది మూడు గంటలు, ప్రయాణం అయిదు గంటలు.

ముగ్గురు పెద్దవాళ్లు కలిసి వెళ్తే గ్రూప్‌సేవ్ అనే రైల్వే రాయితీలో టికెట్ మీద మూడో వంతు తగ్గుతుంది. అందుకే నేను తోడు కోసం వెతుకుతుంటాను, స్నేహం రెండో కారణం.

తడిసిన బూట్లు:
లెచ్‌లేడ్ దగ్గర సెయింట్ జాన్స్ లాక్ (పడవలు దాటే నీటి తలుపులు) పక్కన థేమ్స్ తాత విగ్రహం, అంటే నదినే ఒక ముసలాయనగా చెక్కిన బొమ్మ, ఉంది కదా. 1854లో లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్ అనే గాజు భవనం కోసం చేశారు, 1958లో నది పుట్టేచోట పెట్టారు, 1974లో లెచ్‌లేడ్‌కి తరలించారు. సాక్షాత్తూ నదీ తాతే ఆ దూరం నడవకుండా బండిలో వచ్చాడు. మీ ఖాళీ గురించి ఆయనేమీ అనుకోడు.

శనివారపు బాటసారి:
తాతగారి సంగతి బాగుంది :) కానీ ఒక్కపెట్టున గారి మాట గుచ్చుకుంది, నిజం ఉంది కాబట్టి. ఆక్స్‌ఫర్డ్ దాటాక రెడింగ్, మెయిడెన్‌హెడ్, విండ్సర్, ఇలా స్టేషన్లు దొరుకుతూనే ఉంటాయి, అక్కడ మేం హుషారుగా నడిచాం. లెచ్‌లేడ్‌లోనూ, న్యూబ్రిడ్జ్‌లోనూ స్టేషన్ లేదు. ఫిబ్రవరిలో పొలాలన్నీ నీళ్లు, వెనక్కి వచ్చాం. అది సరే. కానీ జూన్‌లో నీళ్లు తగ్గాక కూడా మేం వెళ్లలేదు. వరద పేరు చెప్పుకుంటున్నాం గానీ అసలు కారణం బద్ధకం. వాయిదాల నడకలో మోసం ఇక్కడే జరుగుతుందని నా అనుమానం. నది మన టైమ్‌టేబుల్‌కి ఎక్కడ సరిపోతే అక్కడే నడుస్తాం.

అయినా మాకు దొరికింది మీకు దొరకలేదనే అంటాను. మార్చిలో బురద, మేలో హంస పిల్లలు, డిసెంబర్‌లో నాలుగు కాకముందే చీకటి. ఏడాది పొడుగునా నదిని చూశాం. మీరు చూసింది రెండు వారాల నదిని.

గట్టు మీద:
మన దగ్గర నర్మదా పరిక్రమలో ఈ గొడవ ఎప్పుడో తేలింది. 1,312 కిలోమీటర్ల నది, రెండు ఒడ్లూ కాలినడకన చుట్టి రావాలి. అది కుదరనివాళ్లు ఖండ పరిక్రమ చేస్తారు, అంటే ముక్కలుగా. జబల్‌పుర్ చిత్రకారుడు, రచయిత అమృత్‌లాల్ వేగడ్ 1977లో మొదలుపెట్టి ఏళ్ల తరబడి విడతలుగానే నడిచారు. ఆయన నడవలేదని ఎవరైనా అంటారా?

ఒక్కపెట్టున:
అనరు. కానీ అక్కడ నియమం చూడండి. నది ఎప్పుడూ కుడిచేతి వైపే ఉండాలి, మధ్యలో దాటకూడదు. ముక్కలుగా చేసినా ఆ నియమం తప్పదు. వేగడ్‌గారు అనుకూలంగా ఉన్న ముక్కలు ఏరుకోలేదు కదా. నేను ఈఎంఐని తప్పుపట్టడం లేదు, కట్టని వాయిదాని తప్పుపడుతున్నా.

తడిసిన బూట్లు:
నర్మద నియమం ఇక్కడ పెడితే మనం మొదటి రోజే ఓడిపోతాం. థేమ్స్ బాట అసలు పడవలను గుర్రాలు లాగిన దారి, చాలాచోట్ల అవతలి ఒడ్డుకు మారుతుంది. విండ్సర్ దాటాక రాజుగారి హోమ్ పార్క్ అడ్డం, ఒక వంతెన మీద అవతలికి పోయి డాచెట్ మీదుగా వెళ్లి ఇంకో వంతెన మీద ఇవతలికి రావాలి. ఒక్కపెట్టున గారూ, మీరు లండన్ పడమటి అంచున టెడ్డింగ్టన్ తర్వాత ఏ ఒడ్డున నడిచారు?

ఒక్కపెట్టున:
దక్షిణం ఒడ్డున.

తడిసిన బూట్లు:
ఉత్తరం ఒడ్డున కూడా బాట ఉంది. అంటే మీదీ సగమే.

ఇద్దరు పిల్లల అమ్మ:
హహ. టెడ్డింగ్టన్ నుంచి నదికి సముద్రపు పోటు తగులుతుంది, పెద్ద పోటు రోజుల్లో రిచ్‌మండ్ వైపు బాట మీదకే నీళ్లు వస్తాయి. శనివారపు బాటసారి గారూ, తర్వాతి విడతకి ముందు పోటు వేళలు చూసుకోండి. నేను చూసుకోక ఒకసారి చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డాను.

శనివారపు బాటసారి:
తప్పకుండా. కానీ రిచ్‌మండ్ నుంచి ముందుకు కదిలేలోపే ఆ 27 కిలోమీటర్లు తేల్చేయాలనుకుంటున్నాం. శుక్రవారం రాత్రికే లెచ్‌లేడ్ చేరి అక్కడ పడుకుని, శని, ఆదివారాల్లో రాడ్‌కాట్, టాడ్‌పోల్ వంతెనల మీదుగా న్యూబ్రిడ్జ్. పేరుకు కొత్త వంతెనే గానీ మధ్యయుగాల నాటిది. అక్కడి నుంచి టాక్సీ. మూడో మనిషి ఉంటే గ్రూప్‌సేవ్ కూడా వస్తుంది. ఎవరైనా?

ఇద్దరు పిల్లల అమ్మ:
నేను. శనివారం మా ఆయన సెలవు పెట్టి వంట చేస్తాడు.

ఒక్కపెట్టున:
లెచ్‌లేడ్‌లో మీరు అప్పుడు ఎక్కడ ఆగారు?

శనివారపు బాటసారి:
హాఫ్‌పెన్నీ వంతెన దగ్గర. వెంటనే బస్సు దొరికింది.

ఒక్కపెట్టున:
అయితే ఆ వంతెన దగ్గర నుంచే మొదలుపెట్టండి. తాత విగ్రహం దగ్గర నుంచి మొదలుపెట్టారంటే ఒక కిలోమీటరు మళ్లీ బాకీ.