అప్‌డేట్: పాపను స్పానిష్ క్లాసులోనే వేశాం

పోయినేడాది అడిగాను కదా, టెక్సాస్‌లో ఉంటున్నాం, ఇంట్లో తెలుగే, పాపను కిండర్‌గార్టెన్‌లో స్పానిష్-ఇంగ్లిష్ డ్యూయల్ లాంగ్వేజ్‌లో (పాఠాలు రెండు భాషల్లోనూ చెప్పే క్లాసు) వేస్తే మూడు భాషలతో తికమక పడదా అని. లాటరీలో సీటొచ్చింది, వేసేశాం.

వాళ్లది 90:10 పద్ధతి. కిండర్‌లో 90 శాతం స్పానిష్, ఏటా పది తగ్గుతూ నాలుగో తరగతికి సగం సగం. మొదట కొన్ని నెలలు పాప క్లాసులో నోరే విప్పలేదు. నాకు ఒకటే టెన్షన్. టీచర్ మాత్రం "వింటోంది, కంగారు పడకండి" అన్నారు. సంక్రాంతి దాటాక మొదలుపెట్టింది, ఇక ఆపితే ఒట్టు. స్పానిష్ వాళ్లూ త, ద మనలాగే పళ్లకు నాలుక ఆనించి పలుకుతారు, అందుకేనేమో ఉచ్చారణ తొందరగా పట్టేసింది.

ఒకరోజు "ఆగ్వా, ఆగ్వా" అని మారాం చేస్తుంటే మా అత్తయ్య, "నేనెక్కడికి పోతున్నానే, ఆగడానికి?" అంది. పాపం అది అడిగింది మంచినీళ్లు!

ఇంగ్లిష్ చదవడంలో మామూలు సెక్షన్ పిల్లల కంటే వెనకే ఉంది, దాచను. హోంవర్క్ నాకూ అర్థం కాదు, ఫోన్‌లో ట్రాన్స్‌లేటర్ పెట్టుకుని కూర్చుంటున్నా. తెలుగు మాత్రం ఎక్కడికీ పోలేదు. ఒకటో తరగతికీ ఇందులోనే ఉంచుతున్నాం.