"కాలు వదలు వైపె" అనాలా, "కాలు కదలు వైపె" అనాలా? (కలం పేర్లతో సాగిన చర్చ)

ద్వియంత్రం: రెండు డీజిల్ ఇంజన్ల తేలికపాటి విమానం నడపడం నేర్చుకునే రోజుల్లో మా శిక్షకుడు ఒక ఆటవెలది చదివేవారు. గాలిలో ఒక ఇంజన్ ఆగినప్పుడు, ఆగినది ఏదో పోల్చుకోవడానికి అది మాకు గుర్తు. ఇప్పుడు రెండవ పాదం ఒక్కటే మిగిలింది, అదీ ఒక అక్షరం తక్కువగా: "కాలు –దలు వైపె కలదు కీడు". ఆ ఖాళీలో 'వ' ఉండేదో 'క' ఉండేదో వారం రోజులుగా తేలడం లేదు. మూడవ పాదంలో "మీట" అనే మాట ఉన్నట్లు లీలగా జ్ఞాపకం. మిగిలిన పాదాలు తెలిసినవారు చెప్పగలరు.

గణపరీక్ష: ఛందస్సు ఇక్కడ సాక్ష్యం చెప్పదు. 'వదలు' అన్నా 'కదలు' అన్నా మూడు లఘువులే. అయిదు సూర్యగణాలూ నిలుస్తాయి, కా–కల యతి చెడదు. "వైపే" అని దీర్ఘం తీస్తే మాత్రం గణభంగం. కాబట్టి అర్థాన్ని ఆశ్రయించాలి. ఎడమ ఇంజన్ ఆగితే కుడి ఇంజన్ లాగుడుకు ముక్కు ఎడమకు తిరుగుతుంది. దాన్ని నిలబెట్టడానికి తోకలోని చుక్కానిని తిప్పే కుడి పెడల్ తొక్కుతాము. ఎడమ కాలికి పని ఉండదు. పని లేని కాలు ఏ వైపు ఉందో ఆగిన ఇంజన్ ఆ వైపే ఉంటుంది. 'కదలు' అంటే తొక్కే కాలు అని అర్థం వస్తుంది, అప్పుడు పద్యం బాగున్న ఇంజన్‌ను చూపిస్తుంది. 'వదలు' పాఠమే సాధువు.

పాఠాంతరప్రియ: అంత తొందర వద్దు. "కాలు కదలు, కలదు" అనే వరుసలో ఉన్న అనుప్రాసను చూడండి. ఆశువుగా చెప్పినవాడు దాన్ని వదులుకుంటాడా? పైగా పెడల్స్ రెండూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. కుడిదాన్ని ముందుకు తొక్కితే ఎడమది వెనక్కి వచ్చి, ఊరకున్న కాలిని తానే నెడుతుంది. "కదలు" అంటే తాను కదిలించే కాలు కాదు, కదిలించబడే కాలు. వేమన పద్యాలను 1829లో అచ్చు వేయించిన సి.పి. బ్రౌన్ వలె పాత ప్రతులను పోల్చి చూసేవారికి ఒక సూత్రం ఉంది: సులభమైన పాఠం పక్కన చిక్కైన పాఠం ఉంటే చిక్కైనదే మొదటిదని అనుమానించాలి, ఎందుకంటే ఎత్తి రాసేవాడు తనకు అర్థం కానిదాన్ని సులభం చేస్తాడు గాని సులభమైనదాన్ని చిక్కు చేయడు.

గణపరీక్ష: మీ లెక్కన రెండు కాళ్లూ కదులుతాయి, ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి. రెండింటికీ వర్తించే మాట ఒకదాన్ని ఎలా గుర్తిస్తుంది? బ్రౌన్ ముందున్నవి తాటాకు ప్రతులు. ఇక్కడున్నది ఒక మనిషి చెవి. నోటి మాటకు ఆ సూత్రం అంత నమ్మకంగా వర్తించదు.

వదులుబాటు: ఇద్దరూ అసలు ప్రమాదాన్ని దాటిపోతున్నారు. "కాలు వదలు" అన్నది ఆజ్ఞగా కూడా వినిపిస్తుంది. తక్కువ వేగంలో ఒక ఇంజన్‌తో పైకి పోతున్న విద్యార్థి చెవిన అది పడి, తొక్కి పట్టిన కాలు తీసేశాడే అనుకోండి, విమానం ఆగిన ఇంజన్ వైపు తిరగడమే గాక ఆ వైపు దొర్లుతుంది కూడా. ఒక్క ఇంజన్‌తో విమానాన్ని అదుపులో ఉంచగల కనీస వేగాన్ని చూపే వేగసూచికపై ఎర్రగీతకు దగ్గరలో ఇలా జరిగితే సరిదిద్దుకునే ఎత్తు మిగలకపోవచ్చు. అందుచేత ఏ శిక్షకుడూ ఆ పాఠం చెప్పి ఉండడు. మూలంలో ఉన్నది "కాలు వదులు వైపె". గణం అదే, అర్థం సూటి, ఆజ్ఞ అనే భ్రమకు తావు లేదు.

ద్వియంత్రం: 'వదులు' అని విన్నట్లు నాకు లేదు. నా సందేహం మొదటి అక్షరం గురించి. మీరు రెండవ అక్షరాన్ని మార్చారు.

తెడ్డుకోల: మొదటి పాదం నేను ఇలా విన్నాను: "ముక్కు తిరుగు వైపు ముందుగా గమనించి". ముక్కు తిరిగేది ఆగిన ఇంజన్ వైపే కాబట్టి రెండు పాదాలూ ఒకే సంగతిని ముందు కంటితో, తరువాత కాలితో చెబుతున్నాయి.

గణపరీక్ష: గణాలు సరే, మూడు సూర్యగణాలపై ర, సల. కాని "గమనించి" అన్న క్త్వార్థకానికి సమాపక క్రియ ఎక్కడ? "కలదు"కు కర్త కీడు, గమనించేది చోదకుడు. కర్తలు వేరైన ఈ పాదం తరువాత ఎవరో అతికినదే.

తెడ్డుకోల: విమానం పక్కకు తిరుగుతున్నప్పుడు కర్తృభేదం ఎవరు చూస్తారండీ! మూడు, నాలుగు పాదాలు కూడా నా దగ్గర ఉన్నాయి: "మీట లాగి చూచి మిన్నకున్నట్లైన, అంచు గాలికిచ్చి యాపవలయు". కాలు చెప్పిన వైపు పవర్ మీటను మెల్లగా వెనక్కి లాగి చూడాలి. ముక్కులో గాని మోతలో గాని మార్పు లేకపోతే అనుమానం రూఢి అయినట్లే. అప్పుడు ప్రొపెల్లర్ రెక్కలను అంచు గాలికి ఎదురుగా ఉండేటట్లు తిప్పి, ఇంజన్‌ను పూర్తిగా ఆపాలి. రెక్కలను ఇలా తిప్పడమే ఫెదర్ చేయడం. ఆ మాటను అందరూ ఈకతో ముడిపెట్టి "ఈకించు" అనబోతారు. తెడ్డు వేసేవారు గాలి అడ్డు తగలకుండా తెడ్డు అంచును గాలికి ఎదురుగా తిప్పడాన్ని అలా అంటారు, అందుకే "అంచు" అన్న తెలుగుమాట నాకు ఎంతో ముద్దు.

పాఠాంతరప్రియ: "మీట" ఏకవచనం గమనార్హం. పాత పెట్రోలు విమానాల్లో థ్రాటిల్, ప్రొపెల్లర్, ఇంధనం-గాలి మిశ్రమం అని మూడు జతలు, మొత్తం ఆరు మీటలు. డైమండ్ డీఏ42 వంటి డీజిల్ విమానంలో ఇంజన్‌కు ఒక్క పవర్ మీటే. ఇంధనాన్నీ, ప్రొపెల్లర్ రెక్కల కోణాన్నీ ఫాడెక్ అనే ఇంజన్ కంప్యూటరే చూసుకుంటుంది. మిశ్రమం మీట లేదు, స్పార్క్ ప్లగ్గులు లేవు, వాటికి విద్యుత్తు ఇచ్చే మాగ్నెటోలు లేవు. రెక్కలను ఫెదర్ చేయడానికి వేరే మీట లేక, ఆ వైపు ఇంజన్ మాస్టర్ స్విచ్ ఆపుతారు. ఆ విమానం మొదట ఎగిరింది 2002 డిసెంబరులో. కాబట్టి పద్యం అంతకు ముందుది కాజాలదు.

గణపరీక్ష: ఆరు మీటలున్న విమానంలోనైనా నిర్ధారణకు లాగేది ఒక్క థ్రాటిలే. ఏకవచనం కాలనిర్ణయానికి పనికిరాదు.

ఎడమపక్షం: మీరంతా "కీడు"ను వదిలేశారు. కీడు అంటే ఆగిన ఇంజన్ కాదు, ఆగితే ఎక్కువ కీడు చేసే ఇంజన్. డీఏ42లో రెండు ప్రొపెల్లర్లూ చోదకుని వైపు నుండి చూస్తే సవ్యదిశలోనే తిరుగుతాయి. ముక్కు పైకెత్తినప్పుడు ప్రతి ప్రొపెల్లర్‌లోనూ కిందికి దిగే రెక్క, అంటే దాని కుడిపక్క రెక్క, ఎక్కువ లాగుతుంది. అందువల్ల కుడి ఇంజన్ లాగుడు విమానం మధ్యరేఖకు మరింత దూరం జరుగుతుంది. ఎడమది ఆగి కుడిది మిగిలితే తిప్పుడు బలం ఎక్కువ, చుక్కానికి పని ఎక్కువ. అందుకే అక్కడ ఎడమదాన్ని క్రిటికల్ ఇంజన్ అంటారు. "కీడు" దానికి ఎంత చక్కని పారిభాషికపదం!

వదులుబాటు: పారిభాషికపదంగా నచ్చింది, పద్యానికి వ్యాఖ్యగా నచ్చలేదు. క్రిటికల్ ఇంజన్ ఏదన్నది ప్రొపెల్లర్లు తిరిగే దిశను బట్టి ముందే నిశ్చయమై ఉంటుంది. దాన్ని కాలు చెప్పనక్కరలేదు. అదీగాక, పద్యం ఒకటి ఆగింది, ఒకటి నడుస్తోంది అనే నమ్మకం మీద నిలిచింది. 2007 మార్చిలో జర్మనీలోని స్పెయర్ దగ్గర డీఏ42 ఒకటి బ్యాటరీ దిగిపోయి ఉండగా బయటి విద్యుత్తుతో స్టార్ట్ అయి పైకి లేచింది. చక్రాలు మడిచినప్పుడు వోల్టేజి పడిపోయి, ఫాడెక్‌లు తడబడి, రెండు ఇంజన్లూ ఆగాయి. అటువంటప్పుడు తొక్కవలసిన కాలూ లేదు, వదులైన కాలూ లేదు.

ఎడమపక్షం: తెర మీద ప్రతి ఇంజన్‌కూ లోడ్ శాతం కనబడుతుండగా ఈ కాలి పద్యం ఇంకా ఎందుకో కూడా చెప్పండి.

తెడ్డుకోల: ఆ క్షణంలో కన్ను ముక్కునూ వేగాన్నీ పట్టుకొని ఉండాలి. ఎడమ అంకెకూ కుడి అంకెకూ తేడా చదివి, అర్థం చేసుకొనేలోగా కాలు తన పని తాను చేసి ఉంటుంది. తెర చూడవద్దని నేననను, కాలు చెప్పినదాన్ని తెరతో సరిచూసుకోవచ్చు. బాగున్న ఇంజన్‌ను పొరపాటున ఆపడం కంటే రెండు క్షణాల ఆలస్యం మేలు.

గణపరీక్ష: మళ్లీ అక్షరం దగ్గరికి వద్దాం. "వదలు" ధాతువుకు 'సడలు' అనే అకర్మకార్థం ఉంది, పట్టు వదిలింది అంటాము కదా. ఆజ్ఞార్థం వినేవాడి లోపం, పాఠం లోపం కాదు.

వదులుబాటు: వినేవాడికే కదా విమానం అప్పగించేది.

ద్వియంత్రం: ఒక సంగతి ఇప్పుడు గుర్తుకు వచ్చింది. ఆ అక్షరం దగ్గరికి రాగానే మా శిక్షకుడు అరచేతితో మోకాలి మీద గట్టిగా కొట్టేవారు. ఆ చప్పుడులో మొదటి అక్షరం ఎన్నడూ సరిగా వినబడలేదు, "–దలు" మాత్రమే చెవిన పడేది.

పాఠాంతరప్రియ: ఏ మోకాలి మీద? తొక్కే కాలిదా, ఊరకున్న కాలిదా?

ద్వియంత్రం: నా కుడి మోకాలి మీద. ఆ రోజు ఆయన ఏ ఇంజన్ తగ్గించారో గుర్తుంటే నేను ఇక్కడికి వచ్చి అడిగేవాడినే కాదు.