మధ్యలో ఒర కూలిన ఇంటి నుయ్యి: బాగుచేయించాలా, పూడ్పించి బోరు వేయించాలా?

ప్రశ్న (రాజోలు దగ్గరి పల్లె, కోనసీమ)

మా ఇల్లు సముద్రానికి ఏడెనిమిది కిలోమీటర్ల దూరంలో ఉన్నది. పెరట్లో ఈశాన్యాన మా తాతగారు తవ్వించిన నుయ్యి ఉన్నది. దాని వ్యాసం 5 అడుగులు, లోతు దాదాపు 22 అడుగులు. అడుగు నుంచి గట్టు దాకా ఇటుకతో, సున్నంతో కట్టిన ఒర. వానాకాలంలో నీరు ఆరేడు అడుగుల లోతునే అందుతుంది. కాలువలకు నీరు కట్టేసిన తరువాత, మే నెలలో, పన్నెండు అడుగులకు దిగుతుందే తప్ప ఎన్నడూ ఎండలేదు. 1996 నవంబరు తుపానుకు కూడా చెక్కుచెదరని ఈ ఒరకు మొన్నటి వానల తరువాత తూర్పు వైపున, ఎనిమిది అడుగుల లోతున, గంపెడు ఇటుకలు ఊడి లోపల పడిపోయాయి. ఆ వైపునే చప్టా రెండంగుళాలు కుంగి పగులు ఇచ్చింది. బురదగా మారిన నీరు ఇప్పటికి తేరుకున్నది కాని, బిందె అడుగున సన్నని ఇసుక మిగులుతున్నది. మేడ మీది ట్యాంకుకు నీరెక్కించే ఒక హార్సుపవరు మోటారు కూడా ఆ చప్టా మీదనే బిగించి ఉన్నది.

చూసి వెళ్ళిన తాపీమేస్త్రి నుయ్యి పూడ్చి 80 అడుగుల బోరు వేయించుకోమన్నారు. ఇంకొకరు నీరంతా తోడించి, మనిషిని దింపి, ఊడినంత మేర సిమెంటుతో కట్టించవచ్చునన్నారు. మా అమ్మగారు పూడ్పించడానికి ససేమిరా ఒప్పుకోవడం లేదు. నుయ్యి పూడిస్తే ఇంటికి అరిష్టమన్న మాట పక్కన పెట్టినా, ఆవిడ చెప్పే రెండవ కారణం నాకు ఆలోచించదగినదిగా కనిపిస్తున్నది: మా వీధిలో బోర్లు వేయించుకున్న ఇళ్ళవారు కాఫీకి, పప్పు ఉడకడానికి మా నూతి నీటికే వస్తారు. నేను ఉద్యోగరీత్యా హైదరాబాదులో ఉంటున్నాను కాబట్టి పని మొదలైతే దగ్గరుండి చూసుకునే రోజులు తక్కువ. ఏ పని ముందు, ఏది తరువాత అన్నది అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

సమాధానం 1 (గ్రామీణ నీటి సరఫరా శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకున్న ఇంజనీరు, కాకినాడ)

ముందుగా చేయకూడని పని చెబుతాను: ఇప్పుడు నీరంతా ఒక్కసారిగా తోడించకండి. వానలకు తడిసి ముద్దయిన నేలలోని నీరు ఒరను బయటి నుంచి లోపలికి నెడుతూ ఉంటుంది, నూతిలోని నీరు లోపలి నుంచి దానికి ఎదురు నిలుస్తుంది. మోటారు పెట్టి గంట రెండు గంటల్లో నుయ్యి ఖాళీ చేస్తే ఆ ఆసరా పోతుంది, బయటి నీరు మాత్రం అంత త్వరగా దిగదు. అప్పటికే బలహీనపడిన ఒర మిగతా భాగం కూడా అప్పుడే కూలుతుంది. అందులో మనిషి ఉంటే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

మీరు చెప్పిన లోతు చూస్తే కారణం ఊహించడం కష్టం కాదు. నీరు ఏటా ఎక్కి దిగే మేరలో, అంటే మీ నూతిలో ఆరు నుంచి పన్నెండు అడుగుల మధ్య, సున్నం తడుస్తూ ఆరుతూ పట్టు విడుస్తుంది. అడుగున ఎప్పుడూ నీటిలోనే ఉండే వరసలు అంతగా చెడవు. దీనికి తోడు, చేదతో తోడే రోజుల్లో నెమ్మదిగా ఊరిన నీటిని మోటారు వేగంగా లాగుతున్నది. ఆ వేగానికి ఇటుకల సందుల్లోంచి వెనుక ఉన్న ఇసుక నీటితో కలిసి లోపలికి వస్తుంది. బిందె అడుగున మీరు చూస్తున్నది ఆ ఇసుకే. అది వచ్చిన చోట ఒర వెనుక బొరియ పడుతుంది, పైన చప్టా కుంగుతుంది. కాబట్టి ఊడిన ఇటుకల స్థానంలో కొత్త ఇటుకలు పెట్టి సిమెంటు పూయిస్తే, వెనుక ఉన్న బొరియ అలాగే ఉండి, రెండు మూడు వానాకాలాలకు పక్క భాగం ఊడుతుంది.

ఇవాళే చేయవలసినవి కొన్ని ఉన్నాయి. మోటారును చప్టా మీది నుంచి తీయించి, నూతికి ఎనిమిది పది అడుగుల దూరాన వేరే దిమ్మ మీద పెట్టించండి. ట్యాంకు ఒక్కసారిగా నింపకుండా పొద్దున కొంత, సాయంత్రం కొంత ఎక్కించమనండి. గట్టు చుట్టూ కర్రలు పాతి తాడు కట్టించి, కుంగిన వైపున ఎవరూ నిలబడి చేద వేయకుండా చూడండి. ఒర సందుల్లో రావి మొక్క గాని మర్రి మొక్క గాని మొలిచి ఉంటే పీకవద్దు, మొదలుకు కోయించండి. పీకితే వేరుతో పాటు ఇటుక కూడా వస్తుంది.

ఇక బోరు సంగతి. అమ్మగారి మాట శాస్త్రానికి దగ్గరగానే ఉన్నది. సముద్ర తీరపు ఇసుక నేలల్లో మంచినీరు ఉప్పునీటి మీద పొరగా తేలుతూ ఉంటుంది. సముద్రమట్టానికి పైన ఒక అడుగు మంచినీరు నిలిస్తే కింద దాదాపు 40 అడుగుల మందాన మంచినీరు ఉంటుందన్నది గైబెన్, హెర్జ్‌బెర్గ్ అనే ఇద్దరి పేరున ఉన్న లెక్క. నేలలో బంకమట్టి పొరలు ఉన్నచోట ఇది మారుతుంది కాని, సారం ఒక్కటే: పైన నీటిమట్టం కొంచెం తగ్గినా కింద ఉప్పునీరు చాలా ఎత్తుకు ఎగదన్నుతుంది. మీ నుయ్యి పైపొరలోని నీటిని మాత్రమే తీసుకుంటున్నది. మీ వీధిలోనే బోరునీరు పనికిరాదని తెలిసిన తరువాత 80 అడుగులకు దిగడం డబ్బు పోసి ఉప్పునీరు కొనుక్కోవడమే.

సమాధానం 2 (సిద్దిపేట జిల్లా)

ఇంజనీరు గారు చెప్పినది తీరప్రాంతానికి సరిపోతుంది. మా వైపు గట్టి రాతినేల కావడం వల్ల చేదబావికి పైన మొరం ఉన్నంత మేరకే ఒర కడతారు, కింద రాయే గోడ. కనుక మా దగ్గర బావి కూలినా పైభాగం తిరిగి కట్టించుకుంటే సరిపోతుంది. అయినా చాలామంది పూడ్పించి బోరుకు పోయారు. అలా పూడ్చిన ఇళ్ళలో వాన నీరు భూమిలోకి దిగే దారి కూడా మూసుకుపోయింది.

ఏ కారణం చేతనైనా పూడ్చక తప్పకపోతే, ఇల్లు కూల్చిన చెత్త, ప్లాస్టిక్కు, పాత బట్టలు అందులో పోయించవద్దు. ఆ నీరే పక్కింటి బావిలోకి కూడా ఊరుతుంది. ముందు బ్లీచింగ్ పౌడరు కలిపి, నీరు ఉన్నంత ఎత్తు శుభ్రమైన ఇసుకతో, ఆపైన బంకమట్టితో, పొర పొరకూ దిమ్మిస కొట్టించి నింపాలి.

సమాధానం 3 (నరసాపురం ప్రాంతం, ఇంట్లో పాత నూతికి ఒరలు దింపించినవారు)

మీ నూతికి సరైన వైద్యం పాత ఒర లోపల సిమెంటు ఒరలు దింపించడమేనని నా అభిప్రాయం. అయిదు అడుగుల నూతిలో లోపలి వ్యాసం మూడున్నర అడుగులు, మందం మూడంగుళాలు ఉన్న ఒరలు పడతాయి. చుట్టూ అర అడుగు ఖాళీ మిగులుతుంది. అడుగు ఎత్తు ఒర ఒక్కొక్కటి దాదాపు రెండు క్వింటాళ్ళ బరువు ఉంటుంది కాబట్టి, మూడు దుంగలు కట్టి చైనుపుల్లీతో దించేవారే రావాలి. తాళ్ళు వేసి నలుగురు చేతులతో దించుతామంటే ఒప్పుకోవద్దు. దుంగల కాళ్ళు కుంగిన చప్టా మీద కాక, దానికి వెలుపల గట్టి నేల మీద ఉండాలి.

పని ఏప్రిల్‌లో కాలువలు కట్టేసిన తరువాత మొదలుపెట్టి, జూన్‌లో మళ్ళీ నీరు వదిలే లోపల ముగించాలి. అప్పుడు నేలలోని నీరు కూడా దిగిపోయి ఉంటుంది, ఊడిన చోటు నీటికి పైన కనిపిస్తుంది. వదులైన ఇటుకలను పై నుంచే గునపంతో రాల్చి, ఒరలను ఒకదాని మీద ఒకటిగా గట్టు దాకా పేర్చిన తరువాతే మనిషి లోపలికి దిగాలి. పడిన ఇటుకలను, పూడికను ఒర లోపలి నుంచే తీస్తూ పోతే ఒరల వరస తన బరువుకు తానే నెమ్మదిగా దిగుతుంది, కూలే ఇటుకకు మనిషికి మధ్య సిమెంటు గోడ ఉంటుంది. ఒక పక్కనే తవ్వితే వరస ఒరుగుతుంది. ఒకసారి ఒరిగిన ఒరను సరిచేయడం కొత్తగా వేయడం కన్నా కష్టం. అందుకని తూకపుగుండు వేలాడదీసి మాటిమాటికీ చూసుకోవాలి.

కింది పన్నెండు ఒరలకు చిల్లులు ఉండాలి, వాటి చుట్టూ ఉన్న ఖాళీలో కడిగిన కంకర పోయించాలి. పై పది అడుగుల మేర అతుకులన్నీ సిమెంటుతో మూసి, చుట్టూ బంకమట్టి కూరించాలి. పై నుంచి ఇంకే మురికినీరు నేరుగా నూతిలో పడకుండా ఆపేది అదే. అడుగున ఇసుక పొంగకుండా ఒక అడుగు మందాన కంకర పరిపించండి. కొత్త చప్టాను గట్టు చుట్టూ మూడు అడుగుల వెడల్పున, నీరు బయటికి జారేటట్టు వాలుగా పోయించి, కాలువ తీయించండి. మరుగుదొడ్డి గుంట యాభై అడుగులకు లోపల ఉంటే ఇంత ఖర్చు పెట్టే ముందు దాని సంగతి కూడా చూసుకోవాలి.

ప్రశ్న అడిగినవారు

వివరంగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. మరుగుదొడ్డి గుంట పడమటి వైపున, అరవై అడుగులకు పైగానే ఉన్నది. పని వేసవికి వాయిదా వేసి, మోటారు మాత్రం ఈ వారమే జరిపిస్తాను. నూతిలో విషవాయువు ఉంటుందని, దీపం దించి చూస్తే తెలుస్తుందని మేస్త్రి అన్నారు. అది చాలునా? పని అయిన తరువాత నీటిని తాగడానికి ఎలా సిద్ధం చేయాలి?

సమాధానం 4 (ప్రజారోగ్య విభాగంలో పనిచేస్తున్నవారు, ఏలూరు)

దీపం పరీక్ష సగం మాత్రమే చెబుతుంది. దీపం ఆరిపోతే గాలిలో ప్రాణవాయువు తక్కువగా ఉన్నదని అర్థం, ఎవరూ దిగకూడదు. వెలిగినంత మాత్రాన హైడ్రోజన్ సల్ఫైడు గాని, కార్బన్ మోనాక్సైడు గాని లేదని అర్థం కాదు. పైగా మీథేను ఉంటే ఆ మంటే ప్రమాదం. దిగే ముందు గొట్టం అడుగు దాకా దించి బ్లోవరుతో అరగంటకు తక్కువ కాకుండా గాలి కొట్టించాలి, మనిషి లోపల ఉన్నంతసేపూ అది ఆడుతూనే ఉండాలి. వేపకొమ్మలు మోపుగా కట్టి పైకీ కిందికీ ఆడించే పాత పద్ధతి ఏమీ లేనిదాని కన్నా మేలు, బ్లోవరుకు బదులు మాత్రం కాదు. పెట్రోలు, డీజిలు ఇంజనును నూతిలోకి దించనివ్వకండి. దాని పొగే చంపుతుంది. మనిషి దిగేటప్పుడు మోటారు కరెంటు మెయిన్ దగ్గరే తీయించాలి. దిగినవారి చంకల కింద నుంచి తాడు కట్టి, పైన ఇద్దరు పట్టుకొని ఉండాలి. లోపలివారు పలకకపోతే తాడుతో లాగాలి, 101కి గాని 112కి గాని ఫోను చేయాలి. రక్షించబోయి రెండవ మనిషి దిగితే ఆ మనిషి కూడా అదే గాలికి పడిపోతారు.

నీటి విషయానికి వస్తే, మూడున్నర అడుగుల ఒరలో పది అడుగుల నీరు ఉంటే అది దాదాపు 2,700 లీటర్లు. పని పూర్తయిన తరువాత మొదటిసారి, తాజా బ్లీచింగ్ పౌడరు 400 గ్రాములు బక్కెట్టు నీటిలో కలిపి, సున్నం అడుగుకు దిగిన తరువాత పై తేట మాత్రం నూతిలో పోసి, చేదతో బాగా కలియబెట్టి, ఒక రోజు వాడకుండా వదిలివేయాలి. తరువాత ఘాటు వాసన పోయేదాకా కొంచెం కొంచెంగా తోడి పారబోయాలి. ఆ నీరు మొక్కలకు, చేపల చెరువుకు వెళ్ళకుండా చూడాలి. దోమల కోసం నూతిలో చేపలు వదిలి ఉంటే పని మొదలుపెట్టే ముందే వాటిని తీసి తొట్టిలో వేయండి. ఆపైన మామూలుగా శుద్ధి చేయడానికి ఇంత నీటికి 7 గ్రాముల పౌడరు చాలు, కలిపిన గంట తరువాత వాడుకోవచ్చు.

తాగే ముందు నమూనాను గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో పరీక్ష చేయించండి. కోలిఫారం బాక్టీరియా 100 మిల్లీలీటర్లలో అసలు కనిపించకూడదు, నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు. మీ ప్రాంతానికి ముఖ్యమైనది క్లోరైడు: లీటరుకు 250 మిల్లీగ్రాముల లోపు ఉండడం మంచిది, వేరే ఆధారం లేనప్పుడు 1,000 వరకు అనుమతి ఉన్నది.

సమాధానం 5 (మొదటి సమాధానం రాసిన ఇంజనీరు)

పై సలహాకు ఒక్క మాట జోడిస్తాను. క్లోరైడు పరీక్షను పని అయ్యాక కాక, ఇప్పుడొకసారి, మే నెలలో నీరు బాగా దిగినప్పుడొకసారి చేయించండి. మేలో అంకె బాగా పెరిగి కనిపిస్తే నూతిని ఇప్పుడున్న 22 అడుగుల కన్నా ఒక్క అడుగు కూడా లోతు చేయించవద్దు, ఊట ఎక్కువ వస్తుందని పనివారు ఎంత చెప్పినా సరే. కొత్త ఒరలలో నీరు నిలిచే చోటు సగానికి తగ్గుతుంది కాబట్టి మోటారును కూడా అర హార్సుపవరుకు మార్చుకొని, నీరు పీల్చే గొట్టం కొసన ఉండే ఫుట్‌వాల్వును నూతి అడుగుకు మూడు అడుగుల పైన వేలాడదీయించండి.